ఏడు పాయింట్లే ఉన్నా మూడు పాడొచ్చు

ప్రశ్న: బ్రిడ్జ్‌లో పార్ట్‌నర్ ఒక ఇస్పేటుతో పాట మొదలుపెట్టారు. నా చేతిలో ఇస్పేటు రాజు, 8, 6, 4. ఆటీను 5 ఒక్కటే. డైమను ఆసు, 9, 7, 3, 2. కళావరు 8, 6, 4. ఏడు పాయింట్లే కదా అని రెండు ఇస్పేట్లు పాడి ఊరుకున్నాను. పది పట్లు వచ్చాయి! నా పాట తప్పా?

జవాబు: తప్పేనండి, పది పట్లు రాకపోయినా తప్పే. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అనే లెక్క నోట్రంప్ ఆటకు నప్పుతుంది. తురుపు కుదిరాక అదొక్కటే చాలదు. చార్లెస్ గోరెన్ పద్ధతిలో, మద్దతిచ్చే చేతిలో ఒంటి ముక్క ఉంటే మరో 3 కలపాలి. అంటే మీవి 10.

పోయే పట్లు కూడా లెక్కపెట్టి చూడండి. ఇస్పేటులో 2, ఆటీనులో 1, డైమనులో 2, కళావరులో 3, మొత్తం 8. పాట తెరిచిన చేతికి మామూలుగా 7 ఉంటాయి. ఈ 15ని 24లోంచి తీసేస్తే 9 పట్లు. మూడు ఇస్పేట్లకు సరిగ్గా అంతే కావాలి.

అయితే ఈ విలువంతా నాలుగు తురుపులు ఉండబట్టే వచ్చింది. రెండో ఆటీను నుంచే తురుపు వేసుకోవచ్చు. అదే పార్ట్‌నర్ ఆటీను పాడి ఉంటే ఆ ఒంటి ముక్క లోపమే, ఒక్క పాయింటూ కలపకూడదు. రాణులు, జాకీలతో ఏడు పాయింట్లై, రంగులు 4-3-3-3గా ఉంటే మీరు పాడిన రెండే సరైనది.

ఆటకు కూర్చునే ముందే, మూడు అంటే ఆహ్వానమేనని పార్ట్‌నర్‌తో ఖాయం చేసుకోండి.