గర్భస్థ శిశు రక్షణ

అశ్వత్థామ ప్రయోగించిన బ్రహ్మాస్త్రం ఉత్తర గర్భంలోని శిశువును దహింపబోగా శ్రీకృష్ణుడు కాపాడిన కథను పోతన భాగవతం ప్రథమ స్కంధం వర్ణిస్తుంది. లోకాన్ని ఇంకా చూడని శిశువుకు సైతం శత్రువు ఉండవచ్చునని ఆ కథ తెలుపుతుంది. నేటి కాలంలో అటువంటి శత్రువులలో ఒకటి జికా వైరస్.

1947లో ఉగాండా దేశంలోని జికా అడవిలో ఒక కోతి రక్తంలో శాస్త్రజ్ఞులు దీనిని తొలిసారి గుర్తించారు. స్వల్ప జ్వరం, దద్దుర్లు, కళ్లు ఎర్రబారటం, కీళ్లనొప్పులు దీని లక్షణాలు. వ్యాధి సోకినవారిలో అనేకులకు ఈ లక్షణాలైనా కనిపించవు. అందువల్ల చాలాకాలం దీనిని సామాన్య జ్వరంగానే భావించారు. 2015లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో అతి చిన్న తలలతో శిశువులు అధికంగా జన్మించటంతో ప్రపంచం ఉలిక్కిపడింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో దానిని ఉపసంహరించినా ముప్పు తొలగలేదు.

తల్లి రక్తంలోని వైరస్ మాయను దాటి శిశువును చేరుతుంది. మెదడుగా రూపొందవలసిన కణాలను నశింపజేస్తుంది. మెదడు ఎదగకపోతే కపాలమూ ఎదగదు. దీనినే మైక్రోసెఫలీ అంటారు. దృష్టిలోపం, వినికిడి లోపం, మూర్ఛలు, కీళ్లు బిగుసుకుపోవటం, పాలు మింగలేకపోవటం కూడా కలుగవచ్చు. పుట్టినప్పుడు తల సరిగా ఉన్న శిశువులలో సైతం కొన్ని నెలల తరువాత ఎదుగుదల మందగించవచ్చు. తొలి మూడు నెలలలో సోకితే అపాయం ఎక్కువ. అయితే వ్యాధి సోకిన గర్భవతులకు జన్మించే శిశువులలో నూటికి 5 నుండి 15 మందికి మాత్రమే లోపాలు కలుగుతాయని అంచనా. కనుక భయపడక, జాగ్రత్త వహించాలి.

మన దేశంలో 2018లో రాజస్థాన్‌లోనూ, 2021లో కేరళలోనూ, 2024లో పుణె నగరంలోనూ జికా వ్యాపించింది. డెంగీ, చికున్ గున్యాలను వ్యాపింపజేసే ఏడిస్ దోమే దీనికీ వాహకం. మురుగుకాలువలలో పెరిగే దోమ వేరు. ఇది ఇంటిలోని మంచినీటిలోనే గుడ్లు పెట్టి, పగటివేళ కుడుతుంది. బందరు, గుడివాడ ప్రాంతాల వారూ, ఉప్పునీటి బెడద గల దివిసీమ వారూ కాలువలు కట్టిన వేసవిలో నీటిని డ్రమ్ములలో, తొట్లలో దాచుకొంటారు. ఆ పొదుపు మెచ్చదగినదే. మూతలేని తొట్టి మాత్రం దోమకు పురిటిగది అవుతుంది. గుడ్లు తొట్టి గోడలకు అంటుకొని, నీరు ఎండినా నెలల తరబడి జీవిస్తాయి. అందుచేత వారానికొకసారి నీరు పారబోసి, గోడలను గట్టిగా రుద్ది కడగాలి.

ఈ వ్యాధికి ప్రత్యేక ఔషధం గాని, టీకా గాని నేటికీ లేవు. గర్భవతులు పగలు నిద్రించేటప్పుడూ దోమతెర వాడాలి. జ్వరం, దద్దుర్లు కనిపిస్తే వెంటనే వైద్యులను సంప్రదించాలి. దాంపత్యం ద్వారా కూడా వైరస్ సంక్రమిస్తుంది కనుక భర్తలూ జాగ్రత్త వహించాలి. లోపంతో బిడ్డ జన్మిస్తే గ్రహణదోషమని తల్లిని నిందించటం అన్యాయం. దోమ కాటుకు ఆమె దోషి కాదు. ఆ బిడ్డకు చూపు, వినికిడి పరీక్షలు, వ్యాయామ చికిత్స, ఆ తల్లికి ఇంటివారి తోడు ఆలస్యం లేకుండా అందాలి.

అర్థాలు
గర్భస్థ = గర్భంలో ఉన్న
కపాలం = పుర్రె
వాహకం = మోసుకొని పోయేది
సంక్రమించు = ఒకరి నుండి మరొకరికి సోకు

ప్రశ్నలు
1. జికా వైరస్ గర్భస్థ శిశువుకు కలిగించే హానిని వివరించండి.
2. నీటి తొట్టిని పారబోస్తే చాలదు, రుద్ది కడగాలి. ఎందువల్ల?
3. శిశువు లోపానికి తల్లిని నిందించటం ఎందుకు అన్యాయం?