తక్కువ తిరిగే పాత డీజిల్ కారుకు ఏ ఆయిల్?

ప్రశ్న: 2008 నాటి డీజిల్ కారు రామాపురం బజారుకు తప్ప పెద్దగా బయటికి రాదు. ఏ ఇంజిన్ ఆయిల్ వాడాలి? ఎప్పుడు మార్చాలి?

జవాబు: ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంటే లోపలి తేమ, మండని డీజిల్ ఆవిరైపోక ఆయిల్‌లో కలిసి దాన్ని పాడుచేస్తాయి కనుక, ఇటువంటి కారుకు కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా ఏడాదికొకసారి ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మార్చాలి. కారు పుస్తకంలో చెప్పిన గ్రేడే ప్రమాణం. పాత డీజిల్ ఇంజిన్లలో ఎక్కువగా వాడే 15డబ్ల్యూ-40లో మొదటి సంఖ్య చల్లని స్థితిలో ఆయిల్ పారే తీరును, రెండవది 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతాయి. డబ్బాపై డీజిల్ ఇంజిన్లకు వర్తించే సీఐ-4 వంటి గుర్తు ఉండాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా వారానికొకసారి బాపట్ల లేదా రేపల్లె రోడ్డుపై అరగంట నడపడం మేలు. డిప్‌స్టిక్‌పై మట్టం పెరిగినా, పాలరంగు నురుగు కనిపించినా, ఆయిల్ లైటు ఆరకపోయినా వెంటనే ఇంజిన్ ఆపి మెకానిక్‌కు చూపించాలి.