పాత రికార్డు బాగా పలకాలంటే

తాతగారి కాలం నాటి రికార్డు ప్లేయరు గరగరమంటే, పాడైపోయిందని మనం అటక మీదికి ఎక్కించేస్తాం. చాలాసార్లు లోపం దాన్ని అమర్చిన తీరులోనే ఉంటుంది.

రికార్డు మీద అంచు నుంచి మధ్యకు చుట్టుకుంటూ పోయే సన్నని గాడి ఉంటుంది. పాటలోని ధ్వని ఆ గాడి గోడల మీద వంపులుగా చెక్కి ఉంటుంది. ముల్లు ఆ వంపుల వెంట కదులుతుంది. ఆ కదలికను కార్ట్రిడ్జ్ విద్యుత్తుగా మారుస్తుంది. గాడిలో దుమ్ముంటే అది కూడా చిటపటమని వినిపిస్తుంది.

ముందుగా మన రికార్డు ఏ రకమో చూసుకోవాలి. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులను ఎక్కువగా రాతిపొడి, లక్క కలిపి చేసేవారు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద పెరిగే పురుగులు ఇచ్చే లక్కే అది. మన దేశంలో జార్ఖండ్ దానికి పేరు పొందింది. లక్క స్పిరిటులో కరుగుతుంది కాబట్టి ఈ రికార్డులను స్పిరిటుతో తుడవకూడదు. 1948లో వచ్చిన ఎల్.పి. వినైల్ ప్లాస్టిక్‌తో చేసినది. అది నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. దాని గాడి చాలా సన్నం కనుక రెండింటికీ ఒకే ముల్లు పనికిరాదు.

ఇక అమరిక.

1. మట్టం: ప్లేయరు మీద రసమట్టం పెట్టి సరిచూడాలి. స్పీకర్లను అదే బల్ల మీద పెట్టకూడదు. వాటి అదురు ముల్లుకు చేరి హోరు పుడుతుంది.

2. బరువు: ముల్లున్న చేయి వెనక ఒక బరువు ఉంటుంది. చేయి త్రాసుకాడలా గాలిలో సమంగా నిలిచేదాకా దాన్ని తిప్పాలి. అప్పుడు అంకెల చక్రాన్ని సున్నా దగ్గర పెట్టి, కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పినన్ని గ్రాములకు బరువును తిప్పాలి. ఎల్.పి.లకు ఇది సాధారణంగా 1.5 నుంచి 2 గ్రాములు. బరువు ఎక్కువైతే గాడి అరుగుతుంది. తక్కువైనా నష్టమే: ముల్లు గాడిలో కుదురుకోక గోడలకు కొట్టుకుంటుంది.

3. శుభ్రత: మెత్తని బ్రష్షును గాడి వెంబడే నడపాలి, అడ్డంగా కాదు. ముల్లును వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవాలి.

నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయినప్పుడు రికార్డులను నిలబెట్టి సర్దాలి. ప్లేయరు వెనక బరువు తీసి, చేతిని కట్టి, ముల్లుకు మూత వేయాలి. కొత్త క్వార్టర్సులో మట్టం, బరువు మళ్లీ మొదటి నుంచి సరిచేయాలి.

అరిగిన ముల్లును మార్చుకోవచ్చు. అరిగిన గాడిని మాత్రం ఎవరూ తిరిగి చెక్కలేరు. అందుకే పాట పెట్టే ముందే ఇవన్నీ చూసుకుందాం.