మన ఇంటి గింజలు – మన బిడ్డల బలం



ఆ మధ్య గృహ సందర్శనకు వెళ్లినప్పుడు ఒక ఇంటి వసారాలో వేరుశనగ కాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కనే ఏడాదిన్నర పాప కూర్చుని ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. తల్లి అంగడిలో కొన్న డబ్బా పొడిని ఒక్క చెంచా గ్లాసెడు నీళ్లలో కలిపి పట్టిస్తోంది. “ఈ డబ్బా నెలంతా రావాలి కదా ఫాదర్!” అన్నది. ఆమె ప్రేమలో లోపం లేదు. గ్లాసులో నీళ్లే ఎక్కువ!

పసిబిడ్డ పొట్ట చిన్నది. పలుచని నీళ్లతో అది నిండిపోతుంది కాని బిడ్డకు బలం రాదు. కొద్ది ఆహారంలోనే ఎక్కువ శక్తి ఉండాలి. అటువంటి ఆహారాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన గింజలతోనే రూపొందించింది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. ఆ పిండికి “హైదరాబాద్ మిక్స్” అని పేరు.

పాళ్లు ఇవి: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేయించిన వేరుశనగ పప్పు 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లో 330 కాలరీల శక్తి, సుమారు 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

ఇన్ని ఎందుకు కలపాలి? ధాన్యాల మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో ఎక్కువ. పప్పుల్లో మిథియోనిన్ తక్కువ, ఆ లోటును ధాన్యం తీరుస్తుంది. విడివిడిగా రెండూ అసంపూర్ణమే. కలిస్తే ఒకదాని కొరత మరొకటి పూడుస్తుంది. వేరుశనగలోని నూనె శక్తిని పెంచుతుంది.

చేసే విధానం: గింజలను శుభ్రం చేసి, విడివిడిగా దోరగా వేయించి, చల్లారాక మర పట్టించండి. బూజు పట్టిన, ముడుచుకుపోయిన వేరుశనగ గింజలను ఏరి పారవేయండి. వాటిలో విషం ఉండవచ్చు. పిండిని తడిలేని డబ్బాలో మూతపెట్టి ఉంచండి. బెల్లం చెమ్మ పడుతుంది కనుక జావ కాచేటప్పుడే కలపండి. జావ చెంచాతో తినిపించేటంత చిక్కగా ఉండాలి.

గోధుమలు లేనిచోట రాగులు వాడవచ్చు. వాటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటుంది. రాగులను రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి పిండి చేస్తే మరో మేలు కూడా ఉంది. మొలకలో పుట్టే ఒక పదార్థం పిండిని కరిగిస్తుంది. అందువల్ల పిండి ఎక్కువ వేసినా జావ గడ్డకట్టదు, బిడ్డ సులువుగా మింగుతుంది.

ఆరు నెలలు నిండాక, తల్లిపాలు మానకుండానే, కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. ఈ పిండి ఒక్కటే చాలదు. గుడ్డు, ఆకుకూర, పండు కూడా కావాలి. నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించండి. బిడ్డ పాదాలు వాచినా, బాగా చిక్కిపోయినా జావతో సరిపెట్టక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మొన్న మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. అదే డబ్బా గూటిలో ఉంది. మూత తీసి చూపించింది ఆ తల్లి. లోపల ఇంటి పిండి ఉంది. పాప గిన్నె పట్టుకుని తానే తింటోంది. మన వసారాల్లో ఆరుతున్న గింజల్లో మన బిడ్డల వాటాను ముందుగా తీసి ఉంచుదామా?