"ఇంకేం తక్కువ నీకు?"

సమస్య

మాది తెనాలి. మావారు పోయి 10 నెలలైంది. ఒక్కదాన్నే ఉండటమెందుకని మా అబ్బాయి ఇల్లు అద్దెకిచ్చేసి, ఐదేళ్ల వీసా తీసి, నన్ను మెల్‌బోర్న్ పక్కన వెర్రిబీకి తీసుకొచ్చేశాడు. కోడలు మంచిదే. ఇద్దరూ ఆఫీసులకెళ్లి వచ్చేదాకా రెండేళ్ల మనవరాలు నా దగ్గరే ఉంటుంది.

పెళ్లయిన నాటి నుంచీ సంధ్యదీపం మానలేదు నేను. ఇక్కడ వేసవిలో ఎనిమిదిన్నరయినా పొద్దు గూకదు. దీపం ఎప్పుడు పెట్టాలో తెలియదు. వచ్చిన కొత్తలో సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగి పాప జడుసుకుంది. అబ్బాయి బ్యాటరీ దీపం తెచ్చాడు. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి కుందులు పెట్టెలో సర్ది మంచం కిందకి తోసేశాను. నిజం చెప్పాలంటే దండం పెట్టడానికే చేతులు రావడం లేదు. ఆయన్ని తీసుకుపోయిన దేవుడికి ఏమని మొక్కను?

మా ఆడపడుచు ఫోన్లో, "కొడుకు కళ్లల్లో పెట్టుకుని చూస్తున్నాడు, ఇంకేం తక్కువ నీకు?" అంటుంది. మొన్న అబ్బాయి కాఫీ అందిస్తే నా నోటివెంట "థాంక్స్" అని వచ్చేసింది. కన్నకొడుక్కి! వాడు గమనించనే లేదు. నేను కృతఘ్నురాలినా? నమ్మకం పోయినట్టేనా?

— ఒక తల్లి, వెర్రిబీ

సలహా

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కుదిపేసింది ఆ "థాంక్స్". సొంత కొడుకు ఇచ్చిన కాఫీకి అలా అన్నారంటే, ఆ ఇంట్లో మీరింకా చుట్టపుచూపుగానే బతుకుతున్నారు. మీరు కృతఘ్నులు కారు. ఆ మాట మళ్లీ అనుకోకండి.

ఈ దిగులు ఇన్ని నెలలుగా సాగుతుంటే డాక్టరుకి చూపించుకోండి. మీ వీసాకి అక్కడి ప్రభుత్వ వైద్యం, మెడికేర్, వర్తించదు కాబట్టి ఇన్సూరెన్సు సంగతి ముందే అబ్బాయిని కనుక్కోమనండి. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్... మీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మీ ఈడు వాళ్లతో పరిచయం పెంచుకోండి. కారమ్‌డౌన్స్ శివవిష్ణు ఆలయం ఊరికి ఆ చివరనుంది, అయినా ఒక ఆదివారం తీసుకెళ్లమనండి.

దీపం మాట. సంధ్య అనేది ఉన్నచోటి సూర్యుణ్ణి బట్టే. మీ దగ్గర జూన్‌లో ఐదింటికే చీకటి పడుతుంది, డిసెంబరులో ఎనిమిదిన్నర దాటుతుంది. అక్కడ పొద్దు ఎప్పుడు గూకితే అప్పుడే పెట్టండి. అలారాన్ని మోగించింది సాంబ్రాణి పొగ. కిటికీ తీసి, పాపకి అందనంత ఎత్తులో ఒక్క నేతివత్తి వెలిగిస్తే అంత పొగ రాదు. ఆ కుందులు ఇవాళే బయటికి తీసి చింతపండు పెట్టి తోమండి.

దండం పెట్టబుద్ధి కాకపోతే పెట్టకండి. కోపమొస్తే దేవుణ్ణే తిట్టండి. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి ఎన్నెన్ని మాటలన్నాడు! చేయించిన నగలన్నీ లెక్కపెట్టి మరీ నిలదీశాడు. ఆయనకి నమ్మకం లేదని ఎవరైనా అన్నారా? లేడనుకున్నవాడి మీద కోపం రాదు. ఏమని మొక్కనని నన్నడిగారే, అదే ఆ దేవుణ్ణే అడగండి. ఈ ఏడాదికి మీ పూజ అదే.

ఇక మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి ఉంది. పగలంతా రెండేళ్ల పిల్ల మీ దగ్గరే ఉంటుంది! రెండేళ్ల పిల్లని కనిపెట్టుకుని ఉండటమంటే కాసేపు నడుం వాల్చే వీలు కూడా ఉండదు. ఆ దేశంలో చైల్డ్‌కేర్‌కి ఒక్క రోజు ఫీజే 100 డాలర్లు దాటుతుంది. మొగుణ్ణి పోగొట్టుకుని, ఊరు వదులుకుని, ఏడవడానికి కూడా తీరిక లేకుండా ఆ పిల్లకి అన్నం తినిపిస్తున్నారు మీరు. ఆ ఇంట్లో కృతజ్ఞత చెప్పాల్సింది ఎవరు? మీ ఆడపడుచుని ఈ ప్రశ్న అడగండి.

మన ఇళ్లల్లో ఇదొక అలవాటైపోయింది. పెద్దవాళ్లు కాస్త దిగులుగా కనిపిస్తే చాలు, "తిండికి లోటా, బట్టకి లోటా" అని నోరు మూయిస్తాం. తిండీ బట్టా ఇస్తే మనిషి సంతోషంగా ఉండి తీరాలా? పిల్లలు చెడ్డవాళ్లని నేననను. ఇంటి లోను వాయిదాలు, పొద్దున్నే సిటీకి రైలు, వాళ్ల అవస్థలు వాళ్లవి. కానీ అమ్మని విమానం ఎక్కించి తీసుకెళ్లగానే కొడుకు బాధ్యత తీరిపోదు. ఇన్నేళ్లు ఒక ఇల్లు నడిపిన మనిషికి చేతిలో నాలుగు డాలర్లు, ఇంటి తాళంచెవి, రైలూ బస్సూ ఎక్కడానికి ఒక మైకీ కార్డు ఉండాలి. వారంలో రెండు రోజులు వంటిల్లు ఆమెకి వదిలెయ్యాలి. తెనాలిలో మీరు ఊరగాయ పెడితే పక్కింటికి ఒక గిన్నె వెళ్లే ఉంటుంది. పుచ్చుకోవడమే తప్ప పెట్టే వీల్లేని చోట ఎవరికైనా మనసు చిన్నబోతుంది. పక్కింటివాళ్లు ఏ దేశంవాళ్లైనా సరే, పులిహోర చేసినరోజు ఒక గిన్నె పట్టుకెళ్లండి. దేవుడు మేలు చేశాడన్న తలపు అలా మళ్లీ నాలుగు చోట్లా మీ చెయ్యి ఆడితేనే వస్తుంది. ఎవరో దబాయిస్తే రాదు.

ఈ పేజీ మీ అబ్బాయికి చదివి వినిపించండి. నాయనా, సంవత్సరీకానికి ఇంకా రెండు నెలలే ఉంది. వీడియోలో కానిచ్చేద్దామని అనకు. అమ్మని తెనాలి తీసుకెళ్లి, ఆ కార్యం ఆమె కోరినట్టు జరిపించు. టిక్కెట్లు ఈ వారమే తియ్యి.