ఎండాకాలం కూరగాయలు: ముందు మన్ను చూడండి, ఆ తర్వాతే నారు



ఎండాకాలంలో ఆకు తగ్గుతుంది, పురుగుల మేపు తగ్గించుకుంటాము. చేతికి నాలుగు దుడ్లు ఆడాలని చానామంది మల్బరీ పక్కనే పది ఇరవై గుంటల్లో టమాటా, బీన్స్ పెడతారు. మంచిదే. అయితే కోలారు, చిక్కబళ్లాపుర వైపు మనది ఎక్కువగా ఎర్రమన్ను. ఇసక పాలు ఎక్కువుంటే అది నీళ్లను పట్టుకోదు. వేసిన యూరియా కూడా నీళ్లతో పాటు వేరు కిందికి దిగిపోతుంది. అట్లాంటి మంట్లో మూటలు పెంచితే పెరిగేది ఖర్చే.

1. చేత్తో చూడండి: తడి మన్ను పిసికి, బొటనవేలితో పట్టీ మాదిరి నొక్కండి. పట్టీ రాకుండా రాలిపోతే ఇసక మన్ను. దానికి డ్రిప్పులో కొంచెం కొంచెం నీళ్లు, తరచుగా ఇవ్వాలి. పొడవుగా సాగితే బంకమన్ను. దానికి ఆరనిచ్చి ఇవ్వాలి.

2. పరీక్షకు ఇవ్వండి: గట్టు, తిప్ప, చెట్టు నీడ వదిలి 8–10 చోట్ల గుంత తీయండి. కూరగాయలకు 6 అంగుళాలు, మల్బరీకి అడుగు లోతు. రెండూ వేరువేరుగా ఉంచండి. బాగా కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో మన్ను రైతు సంపర్క కేంద్రంలోగాని కృషి విజ్ఞాన కేంద్రంలోగాని ఇవ్వండి. బోరు నీళ్లు ఒక బాటిల్ కూడా ఇవ్వండి.

3. రిపోర్టు చదవండి: పీహెచ్ 6 నుంచి 7 ఉంటే కూరగాయలకు బాగుంటుంది. 8.5 దాటితే జిప్సం ఎంత వేయాలో అక్కడే అడగండి. ఈసీ 1 దాటితే ఉప్పు ఎక్కువ, విత్తనం మొలవడం కష్టం. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువుంటే మన్నుకు సత్తువ లేదని అర్థం.

4. సత్తువ పెంచండి: బాగా మాగిన పశువుల ఎరువు ఎకరాకు సుమారు 10 టన్నులు వేయండి. ఇది నీళ్లను, ఎరువును వేరు దగ్గర పట్టి ఉంచుతుంది. వానాకాలంలో జనుము చల్లి, పూతకొచ్చినప్పుడు కలియదున్నితే వచ్చే ఎండాకాలానికి మన్ను ఇంకా మెత్తబడుతుంది. యూరియా ఒకేసారి వేయకుండా మూడు నాలుగు దఫాలుగా ఇవ్వండి. మొక్కల మధ్య ఎండుగడ్డి పరిస్తే తడి నిలుస్తుంది.

5. పురుగులను మరవకండి: పురుగుల పెంట, మిగిలిన ఆకు మంచి ఎరువే. కానీ పచ్చిది వేయకండి. రోగం వచ్చిన బ్యాచ్‌ది తోటలోకి పోతే రోగమూ పోతుంది. గుంతలో వేసి, మన్ను కప్పి, పూర్తిగా మాగినాకే వాడండి. కూరగాయలకు కొట్టే మందు గాలికి మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగులు చస్తాయి. అందుకే రెంటికీ మధ్య ఎడం వదలండి. గాలి తోట వైపు తోలేటప్పుడు మందు కొట్టకండి. పక్క చేను వాళ్లకూ ఒక మాట చెప్పి పెట్టండి.

నారు కొనేముందే మన్ను ఇచ్చి రండి. రిపోర్టు వచ్చినాక ఆ మూడు నంబర్లు గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాము.