టెలిఫోటో కటకము: ఎన్నుకొను విధము

శీతకాలమున చిలికా సరస్సునకు వచ్చు పక్షులను చూచి వచ్చిన పిల్లలకు ఫొటోలు తీయుటయందు ఆసక్తి కలుగుట సంతోషింపదగిన విషయము. కాని ఆ ఆసక్తి త్వరలోనే ఇంటిలో నొక కోరికగా మారును. “సెల్‌ఫోనులో పక్షి చుక్కవలె పడుచున్నది, పెద్ద లెన్సు కావలెను” అని పిల్లలడుగుదురు. ధర విన్న తల్లిదండ్రులకు ఏమి చెప్పుటకును తోచదు. ఇట్టి సందర్భమున వద్దని త్రోసిపుచ్చుటయు తగదు, అంగడిలో చూపిన పెద్దదానిని అప్పుచేసి కొనుటయు తగదు. ఏ పనికి ఎట్టి కటకము కావలెనో తెలిసికొని నిర్ణయింపవలెను. అందులకు మన పిల్లలు పదవ తరగతిలో చదువు భౌతికశాస్త్రమే చాలును.

కటకముపై 50, 300, 600 అని మిల్లీమీటర్లలో వ్రాసియుండు సంఖ్య దాని నాభ్యంతరము. దూరముననున్న వస్తువు ఎత్తును నాభ్యంతరముతో గుణించి, వస్తువు దూరముచే భాగించినచో ప్రతిబింబపు ఎత్తు వచ్చును. 60 సెంటీమీటర్ల కొంగ 30 మీటర్ల దూరమున నిలిచియున్న దనుకొందము. 50 మి.మీ. కటకముతో దాని ప్రతిబింబము 1 మి.మీ. మాత్రమే. 300 మి.మీ. కటకముతో 6 మి.మీ., 600 మి.మీ. కటకముతో 12 మి.మీ. అగును.

ఈ ప్రతిబింబము పడు పలకను సెన్సారు అందురు. పాత 35 మి.మీ. ఫిలిము చట్రమంత పెద్ద సెన్సారు ఎత్తు 24 మి.మీ. దానిపై 6 మి.మీ. కొంగ నాలుగవ వంతు మాత్రమే నిండును. తక్కువ ధర కెమెరాలలో సాధారణముగా నుండు చిన్న సెన్సారు ఎత్తు సుమారు 16 మి.మీ. దానిపై అదే కొంగ మూడవ వంతునకు మించి నిండును. కావున పక్షుల ఫొటోలకు చిన్న సెన్సారు కెమెరా లోపము కాదు. దానిపై 300 మి.మీ. కటకము, పెద్ద సెన్సారుపై 450 మి.మీ. కటకము చూపునంత మేరనే చూపును.

నాభ్యంతరము పెరిగినకొలది గొట్టమును పొడవు కావలసియుండును. ముందు కుంభాకార కటకముల సమూహమును, వెనుక పుటాకార కటకముల సమూహమును అమర్చి, గొట్టమును నాభ్యంతరముకంటె పొట్టిగా చేసిన ఏర్పాటునకే టెలిఫోటో అని పేరు. 1891లో ఇంగ్లండునందు థామస్ డాల్మేయరు ఇట్టి కటకమును రూపొందించెను.

ఇక వెలుతురు సంగతి. కటకముపై 2.8, 4, 5.6 అనునట్టి ఎఫ్ సంఖ్యయు నుండును. నాభ్యంతరమును ఈ సంఖ్యచే భాగించినచో వెలుతురు ప్రవేశించు ద్వారపు వ్యాసము తెలియును. 300 మి.మీ. కటకమునకు ఎఫ్ 5.6 అయినచో వ్యాసము సుమారు 54 మి.మీ., ఎఫ్ 2.8 అయినచో సుమారు 107 మి.మీ. వ్యాసము రెట్టింపైన వెలుతురు నాలుగు రెట్లగును. గాజు పరిమాణముతోపాటు బరువును, ధరయును పెరుగును. జంతువులు ఎక్కువగా తిరుగాడునది తెల్లవారుజామున, సాయంసంధ్యలో కావున, వృత్తిగా ఫొటోలు తీయువారు ఇంత ధరయు పెట్టుదురు. విద్యార్థికి అంత అవసరము లేదు. నేటి డిజిటల్ కెమెరాలు తక్కువ వెలుతురునందును తగినంత బాగుగా పనిచేయును. నాభ్యంతరమును పెంచుటకు నడుమ తగిలించు టెలికన్వర్టరు చౌకయే గాని, 1.4 రెట్లది సగము వెలుతురును, 2 రెట్లది ముప్పాతిక వెలుతురును హరించును.

పెద్ద కటకము పక్షితోపాటు చేతి వణకునుగూడ పెద్దది చేయును. 300 మి.మీ. కటకమును చేతితో పట్టి తీయునపుడు షట్టరు సెకనులో 300వ వంతుకంటె ఎక్కువసేపు తెరచియుండరాదని పాత నియమము. వణకును సరిదిద్దు యంత్రాంగము నేటి కటకములలో కలదు. కాని అది మన చేతి కదలికను సరిచేయునే గాని, పక్షి రెక్కల కదలికను ఆపజాలదు. ఎగురు పక్షికి సెకనులో 1000వ వంతుగాని, అంతకంటె తక్కువగాని కావలెను. ముక్కాలిపీట లేనివారు గుడ్డసంచిలో బియ్యమో ఇసుకయో నింపి, గట్టుపై నుంచి, దానిపై కటకమును ఆన్చవచ్చును. పడవలో ముక్కాలిపీటయు పడవతో ఊగును గనుక అక్కడ తేలిక కటకమే మేలు.

మన గంజాం జిల్లాలోని భేత్నోయి పొలములలో కృష్ణజింకలు నిర్భయముగా తిరుగును. అక్కడి గ్రామస్థులు వానిని తరతరములుగా కాపాడుచున్నారు. భుజము వరకు 80 సెంటీమీటర్ల జింక 60 మీటర్ల దూరమున నున్నచో 300 మి.మీ. కటకముతో 4 మి.మీ. ప్రతిబింబము వచ్చును. చిన్న సెన్సారుపై అది నాలుగవ వంతు. చుట్టునున్న పొలముతో కలిపి చూచిన, అది చక్కని చిత్రమే. చిలికా ఒడ్డునగల మంగళాజోడిలో, ఒకప్పుడు పక్షులను వేటాడినవారే నేడు వానిని కాపాడుచు, సందర్శకులను పడవలలో త్రిప్పుచున్నారు. అక్కడ నాభ్యంతరమును మార్చుకొనుటకు వీలగు 100–400 మి.మీ. జూమ్ కటకము అనుకూలము. మొదటి కొనుగోలునకు 70–300 మి.మీ. జూమ్ చాలును. 150–600 మి.మీ. కటకము సుమారు 2 కిలోల బరువుండును. దానిని రెండు గంటలపాటు మోయగలరో లేదో చూచిన పిమ్మటనే కొనవలెను. మండుటెండలో నేలనుండి లేచు వేడిగాలి చిత్రమును అలలవలె చెదరగొట్టును. దానిని ఎంత ఖరీదైన కటకమును సరిచేయలేదు.

వాడిన కటకమును కొనుట తప్పు కాదు. అయితే వెనుకనుండి టార్చిలైటు వేసి లోపల చూడవలెను. సముద్రతీరపు తేమవలన గాజుపై సాలెగూటి దారములవంటి బూజు పట్టియున్నచో కొనరాదు. కొన్న పిదప గాలిచొరని డబ్బాలో సిలికా జెల్‌తో భద్రపరుపవలెను. వీలైనచో ముందొక దినము అద్దెకు తెచ్చి చూచుట ఉత్తమము.

తల్లిదండ్రులు పిల్లలకు ముఖ్యముగా చెప్పవలసినది వేరొకటి కలదు. టెలిఫోటో కటకము ప్రాణికి దూరముగా నుండుటకే గాని, మరింత చేరువకు పోవుటకు కాదు. పక్షి మేత మాని తలయెత్తి చూచినచో అక్కడనే ఆగవలెను. అది ఎగిరిపోయినచో మనము హద్దు దాటితిమని గ్రహింపవలెను. గూటియొద్దకు పోరాదు. తల్లి లేచిపోయినచో గ్రుడ్లు ఎండకును, కాకులకును బలియగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములోనికి ఫొటోలు తీయుటకు పోవువారికి అనుమతి కావలెను. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ (1912–1996) వేర్వేరు భాగములను తానే కూర్చుకొన్న బరువైన కెమెరాతో, నలుపు తెలుపు ఫిలిముపై ఏనుగులను చిత్రించెను. ఆయన చిత్రములకు అడవిలో గడపిన ఏండ్లే ఆధారము.

కావున కొనుటకు ముందు పిల్లలకు ఒక నోటుపుస్తకమిచ్చి, ఒక నెలపాటు ఊరి చెరువు గట్టునకు పంపుడు. చూచిన పక్షి పేరు, దాని ఎత్తు అంచనా, అడుగులతో కొలిచిన దూరము, వేళ వ్రాయుమనుడు. పైన చెప్పిన లెక్కను వారిచేతనే చేయింపుడు. నెల గడచిన పిమ్మట ఆ పుస్తకమును ముందుంచుకొని మీరిరువురును కూర్చున్నచో, ఎంత నాభ్యంతరము అవసరమో, ఎంత సొమ్ము వెచ్చింపవచ్చునో ఆ లెక్కలే చెప్పును.